ఆ దృశ్యాన్ని ఎవరు చూశారు, ఎంతసేపు చూశారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని ప్రకృతి, విజ్ఞాన డాక్యుమెంటరీలు చూసినట్టున్నారు. ఏళ్ల తరబడి జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన నాకు ఇంతకంటే ఇష్టమైన సంగతి లేదు. మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేసి, ఈసారి శీర్షిక మొత్తం వీటికే ఇస్తున్నాను. ఒకే ప్రశ్నను పలువురు అడిగినచోట ఒక్కరి ఉత్తరమే తీసుకున్నాను.

ప్రశ్న: అప్పుడే ఇసుకలోంచి బయటికి వచ్చిన ఉడుములాంటి చిన్న పిల్ల మీదికి రాళ్ల సందుల్లోంచి గుంపులుగా పాములు దూసుకొచ్చాయి. అది తప్పించుకునేదాకా మా ఇంట్లో ఎవరికీ ఊపిరాడలేదు. మావారు మాత్రం “ఇదంతా ముందే ఏర్పాటు చేసుకుని తీసి ఉంటారు” అని తేల్చేశారు. నిజమేనా మేడమ్? (గృహిణి, గుంటూరు)

మీరు చూసింది 2016లో బీబీసీ ప్రసారం చేసిన ‘ప్లానెట్ ఎర్త్ 2’ మొదటి భాగంలోని దృశ్యం. ఆ చోటు పసిఫిక్ మహాసముద్రంలోని గలాపగోస్ దీవుల్లో ఒకటైన ఫెర్నాండినా. ఆ పిల్ల సముద్రపు ఇగ్వానా. తల్లి ఇసుకలో గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. పిల్లలు బయటికి వచ్చే రోజులు ఏడాదిలో కొన్నే. ఆ రోజుల్లో రేసర్ పాములు అక్కడి నల్లని లావా రాళ్లలో కాచుకుని ఉంటాయి. పిల్ల ఇసుకలోంచి తల ఎత్తి, మైదానం దాటి, పెద్ద ఇగ్వానాలు ఉండే సముద్రపు ఒడ్డుకు చేరాలి.

ఈసారి మళ్లీ చూసినప్పుడు పరుగును కాదు, పరుగుకు ముందున్న క్షణాలను చూడండి. పాము దగ్గరికి వస్తుంది. పిల్ల బిగుసుకుపోతుంది. రెప్ప కూడా కదలదు. ఆ పాములకు చూపు అంత చురుకైనది కాదు, కదలికనే పసిగడతాయి. పాము పక్కనుంచే పాకుతుంది, దాదాపు ఒళ్లు తగిలేంత దగ్గరగా. పిల్ల ఒక్క కాలు కదిపిందో లేదో, నాలుగు వైపుల నుంచీ తలలు లేస్తాయి. పుట్టి కొన్ని నిమిషాలే అయిన ప్రాణికి కదలకుండా ఉండడం ఎవరు నేర్పారు? తరగతిలో సహజాత ప్రవర్తన గురించి గంటసేపు చెప్పినా కలగని అవగాహన ఆ కొన్ని క్షణాల్లో కలుగుతుంది.

ఇక మీవారి అనుమానం. పాములను ఎవరూ తెచ్చి వదలలేదు, పిల్లను ఎవరూ తరమలేదు. అక్కడ ఏటా జరిగేదే జరిగింది. కానీ మీరు ఒకే పిల్ల అనుకుని చూసినది ఒకే పిల్ల కాదు. వేర్వేరు పిల్లల పరుగుల నుంచి ముక్కలు తీసి ఒక కథగా కూర్చారు. ఈ సంగతి నిర్మాణ బృందమే తర్వాత బహిరంగంగా చెప్పింది. కూర్పును మీరు స్వయంగా పట్టుకోవచ్చు కూడా. పరుగు తీస్తున్న ప్రాణిని ఎదురుగా ఒకసారి, వెంటనే వెనక నుంచి ఒకసారి, ఆ వెంటనే కన్ను తెరనిండా కనిపించేంత దగ్గరగా ఒకసారి చూపించారంటే, ఒక కెమెరా అన్ని చోట్లా ఉండలేదని గుర్తుంచుకోండి.

ఇలాంటి కూర్పును నేను తప్పు పట్టను. ప్రతి ముక్కా నిజమైన ప్రవర్తనే, ఆ చోటులో జరిగినదే. గీత ఎక్కడ గీయాలన్నదానికి మరో రెండు ఉదాహరణలు చెబుతాను.

2011లో బీబీసీ నుంచి వచ్చిన ‘ఫ్రోజెన్ ప్లానెట్’లో ధ్రువపు ఎలుగుబంటి మంచు గుహలో పిల్లలను కన్న దృశ్యం ఉంది. బయటి దృశ్యాలు ఆర్కిటిక్‌లో తీశారు. గుహ లోపలిది నెదర్లాండ్స్‌లోని ఒక జంతు ప్రదర్శనశాలలో తీశారు. కారణం న్యాయమైనదే. అడవిలో ఈనుతున్న తల్లి దగ్గరికి కెమెరా పెడితే అది పిల్లలను వదిలేయవచ్చు, చంపనూ వచ్చు. అయితే ఆ మాట కార్యక్రమంలో చెప్పలేదు. సంస్థ వెబ్‌సైట్‌లో వివరించామన్నారు. ఆ జవాబు నాకు తృప్తినివ్వలేదు. తెర మీద చూపించినవాళ్లు తెర మీదే చెప్పాలి. ఒక్క వాక్యం చాలు.

రెండోది ఘోరం. 1958లో డిస్నీ సంస్థ తీసిన ‘వైట్ వైల్డర్‌నెస్’లో లెమ్మింగులనే చిన్న ఎలుకజాతి ప్రాణులు గుంపులుగా కొండ అంచు నుంచి సముద్రంలోకి దూకి చనిపోయినట్టు చూపించారు. ఆ చిత్రానికి ఆస్కార్ కూడా వచ్చింది. 1980లలో కెనడా టెలివిజన్ పరిశోధించి అసలు సంగతి బయటపెట్టింది. చిత్రీకరణ జరిగిన అల్బర్టాకు సముద్రతీరమే లేదు. లెమ్మింగులను వేరే ప్రాంతం నుంచి కొని తెచ్చి, తిరిగే బల్ల మీద పెట్టి గుంపుగా కనిపించేలా తీసి, చివరికి నది ఒడ్డున ఉన్న కొండ మీది నుంచి కిందకు తోశారు. లెమ్మింగులు సామూహికంగా ఆత్మహత్య చేసుకుంటాయన్న అబద్ధం ప్రపంచమంతా పాకడంలో ఆ చిత్రం పాత్ర పెద్దది. ఇప్పటికీ చదువుకున్నవాళ్లు సైతం దాన్ని ఉదాహరణగా వాడుతుంటే నాకు కడుపు మండుతుంది.

కాబట్టి మీవారితో “ఏర్పాటా, కాదా” అని వాదించకండి. ప్రతి దృశ్యానికీ “దీన్ని ఎవరు చూశారు? ఎక్కడి నుంచి? ఎంతసేపు?” అని ఇద్దరూ కలిసి అడగండి. ఈ మధ్య చాలా సిరీస్‌లలో ప్రతి భాగం చివర చిత్రీకరణ ఎలా జరిగిందో పది నిమిషాలు చూపిస్తున్నారు. మనవాళ్లు సరిగ్గా అప్పుడే లేచి భోజనాలకు వెళ్తారు. దయచేసి కూర్చోండి.

ప్రశ్న: మేడమ్, కెమెరామన్ అంత దగ్గర ఉండి కూడా చనిపోతున్న జంతువును ఎందుకు కాపాడడు? నాకు చాలా కోపం వస్తుంది. (8వ తరగతి విద్యార్థి, కరీంనగర్)

నీ కోపం మంచిదే నాయనా. ముందుగా ఒక సంగతి. కెమెరామన్ నువ్వు అనుకున్నంత దగ్గర ఉండడు. చాలాసార్లు పెద్ద లెన్సుతో వందల మీటర్ల దూరం నుంచి తీస్తాడు. ఇక రెండోది. జింకను కాపాడితే, ఆ రోజు చిరుతపులి పిల్లలు పస్తులుంటాయి. ఎవరి ఆకలి ముఖ్యమో మనం నిర్ణయించకూడదు కాబట్టి జోక్యం చేసుకోకూడదన్నది ఆ వృత్తిలో వాళ్లు పెట్టుకున్న నియమం.

కానీ నియమానికి మినహాయింపు ఇచ్చినవాళ్లూ ఉన్నారు. 2018లో వచ్చిన ‘డైనాస్టీస్’ కోసం అంటార్కిటికాలో ఎంపరర్ పెంగ్విన్లను చిత్రీకరిస్తున్న బృందానికి, పిల్లలతో సహా కొన్ని పెంగ్విన్లు మంచులోని లోతైన గుంటలో చిక్కుకుపోయి కనిపించాయి. ఎక్కుతున్నాయి, జారుతున్నాయి. అక్కడ వేటాడే జంతువు లేదు, ఎవరి తిండీ పోదు. బృందం మంచును తవ్వి ఒక వాలుదారి చేసింది. పెంగ్విన్లను ముట్టుకోలేదు, ఎత్తలేదు. దారి మాత్రం చేసి తప్పుకున్నారు. చాలా పెంగ్విన్లు ఆ దారిన నడిచి బయటపడ్డాయి. నేనైనా ఆ పనే చేసేదాన్ని. నువ్వూ చేసేవాడివి.

ప్రశ్న: నాకు చూపు చాలా తక్కువ. డాక్యుమెంటరీలను వినడమే తప్ప చూడలేను. సాలీడు నడుస్తున్న చప్పుడు, మంచులో ఎలుగుబంటి అడుగుల చప్పుడు వింటుంటే ఒళ్లు పులకరిస్తుంది. అవి నిజమైన చప్పుళ్లేనా? (బ్యాంకు ఉద్యోగి, హైదరాబాద్)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది మీదే. దాపరికం లేకుండా చెబుతాను: చాలావరకు కావు.

దూరంలో ఉన్న జంతువును లెన్సు దగ్గరికి తెస్తుంది. మైకుకు ఆ శక్తి అంతగా లేదు. మూడు వందల మీటర్ల అవతల నడిచే ఎలుగుబంటి బొమ్మ తెరనిండా వస్తుంది, అడుగుల చప్పుడు మాత్రం గాలి హోరులో కలిసిపోతుంది. హెలికాప్టర్ నుంచో డ్రోన్ నుంచో తీస్తే రెక్కల మోత తప్ప మరేమీ వినిపించదు. వేగం తగ్గించి చూపే దృశ్యాలకు అసలు సరిపోయే ధ్వని ఉండదు. అందుకని స్టూడియోలో నిపుణులు కూర్చుని, తెర మీద అడుగు పడిన ప్రతిసారీ చేత్తో చప్పుడు పుట్టిస్తారు. ఈ పనిని ఫోలీ అంటారు. మంచు మీద అడుగుల కోసం మొక్కజొన్న పిండి నింపిన సంచిని నొక్కుతారు. పొడిగా, బిగువుగా, కరకరమంటూ అచ్చం మంచులాగే పలుకుతుంది. సాలీడు నడక చప్పుడు కూడా ఇలా అల్లినదే.

పక్షుల కూతలు, సింహగర్జనలు, కప్పల బెకబెకలు సాధారణంగా నిజమైన రికార్డింగులే, కాకపోతే అదే రోజు అదే జంతువువి కాకపోవచ్చు. విడిగా వెళ్లి రికార్డు చేసి తెచ్చి కలుపుతారు.

మీకు నిజమైన ధ్వనులే కావాలంటే ఒక దారి ఉంది. ‘జెనో-కాంటో’ అనే వెబ్‌సైట్‌లో ప్రపంచం నలుమూలల నుంచి పక్షిప్రేమికులు రికార్డు చేసిన కూతలు ఉచితంగా వినవచ్చు. ప్రతిదానికీ ఎవరు, ఏ తేదీన, ఎక్కడ రికార్డు చేశారో ఉంటుంది. మన పాలపిట్ట, కోకిల, గుడ్లగూబ అన్నీ దొరుకుతాయి. చూపు ఉన్నవాళ్లు బొమ్మల మాయలో పడి ధ్వనిని అసలు పట్టించుకోరు. మీరు పట్టించుకుని అడిగారు. ఈ ప్రశ్న డాక్యుమెంటరీలు తీసేవాళ్లకే వేయవలసింది. తెర మీది ధ్వనిలో ఏది అక్కడిది, ఏది స్టూడియోది అని చెప్పే బాధ్యత వాళ్లకు ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న: పాత డాక్యుమెంటరీ సీరియళ్లన్నీ 13 భాగాలే ఎందుకుంటాయి? (పేరు రాయలేదు, ఏలూరు)

ఏడాదికి 52 వారాలు. నాలుగు భాగాలు చేస్తే 13. వారానికొకటి చొప్పున వేస్తే మూడు నెలలకు సరిపోతుంది. 1973లో ‘ది అసెంట్ ఆఫ్ మ్యాన్’, 1979లో ‘లైఫ్ ఆన్ ఎర్త్’, 1980లో ‘కాస్మోస్’ అన్నీ 13 భాగాలే. మన దూరదర్శన్ కూడా అదే లెక్క పాటించింది. ఇప్పటివి ఆరో ఏడో భాగాలతో సరిపెడుతున్నారు. ఒక్కో భాగానికి అయ్యే ఖర్చు పెరిగింది, వారం పాటు ఎదురుచూసే ఓపిక తగ్గింది.

ప్రశ్న: మా అమ్మాయికి ఐదేళ్లు. సింహం జింకను పట్టే దృశ్యం రాగానే మా అత్తగారు టీవీ కట్టేస్తారు. పిల్లలకు వేట చూపించవచ్చా? (బీమా ఉద్యోగిని, అనంతపురం)

ఐదేళ్ల పిల్లకు రక్తం దగ్గరగా చూపించనక్కర్లేదు. ఆ మేరకు మీ అత్తగారిదే సబబు. అయితే వేట అనే సంగతినే దాచిపెట్టకండి. పిల్లలకు భయం కలిగించేది చావు కంటే ఎక్కువగా, పెద్దవాళ్లు హడావుడిగా టీవీ కట్టేయడమే. పక్కన కూర్చుని “సింహానికి ఆకలి, దాని పిల్లలకు ఆకలి” అని మామూలు గొంతుతో చెప్పండి.

మరో మాట. టీవీలో వేట దాదాపు ప్రతిసారీ ఫలిస్తుంది. అడవిలో అలా కాదు. పులి అయినా సింహమైనా వేటల్లో ఎక్కువసార్లు విఫలమవుతుంది. విఫలమైన వేటలు చూడడానికి ఉత్సాహంగా ఉండవని కత్తిరించి పారేస్తారు. జింక తప్పించుకున్న దృశ్యాలు ఉన్న భాగాలు వెతికి మీ అమ్మాయికి చూపించండి. “ఈ రోజు సింహం ఏం తింటుంది?” అని అప్పుడు తనే అడుగుతుంది.

ప్రశ్న: డాక్యుమెంటరీలంటే పులులు, తిమింగలాలేనా? మనిషి జీవితం మీద అంత శ్రద్ధగా తీసినది ఏదైనా ఉందా? (విశ్రాంత తహశీల్దారు, విజయనగరం)

ఉందండీ. నా దృష్టిలో టెలివిజన్ చేసిన గొప్ప పనుల్లో అది ఒకటి.

1964లో బ్రిటన్‌లోని గ్రెనడా టెలివిజన్ ఏడేళ్ల పిల్లలను 14 మందిని ఎంచుకుని ‘సెవెన్ అప్’ అనే కార్యక్రమం తీసింది. కొందరు ఖరీదైన బళ్లలో చదివే ధనవంతుల బిడ్డలు, కొందరు లండన్ కార్మికవాడల వాళ్లు, కొందరు అనాథాశ్రమంలో ఉన్నవాళ్లు. పెద్దయ్యాక ఏమవుతావు, డబ్బంటే ఏమిటి, పెళ్లంటే ఏమిటి అని అడిగారు. ఒక్క కార్యక్రమంతో అయిపోవలసిన పని. కానీ పిల్లలను వెతికి తెచ్చిన బృందంలోని మైకేల్ ఆప్టెడ్ అనే యువకుడు, వాళ్లకు 14 ఏళ్లు వచ్చినప్పుడు మళ్లీ వెళ్లాడు. ఆ తర్వాత 21, 28, 35... ఇలా ప్రతి ఏడేళ్లకూ. 2019లో వాళ్లకు 63 ఏళ్ల వయసులో తీసిన భాగం వచ్చింది. 2021 జనవరిలో ఆప్టెడ్ మరణించాడు. ఒక దర్శకుడి పనిజీవితమంతా ఆ మనుషులతో పాటే నడిచింది.

గుర్రపు పందాల్లో జాకీని అవుతానన్న లండన్ కుర్రాడు కొంతకాలం ప్రయత్నించి, చివరికి టాక్సీ డ్రైవరయ్యాడు. ఊరి పొలాల మధ్య చిన్న బడిలో చదివిన రైతుబిడ్డ భౌతికశాస్త్రవేత్తగా అమెరికా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. ఏడేళ్ల వయసులో నవ్వుతూ గెంతుతూ ఉన్న మరో పిల్లవాడు యువకుడయ్యాక ఇల్లూ వాకిలీ లేకుండా తిరిగాడు, నడివయసులో స్థానిక రాజకీయాల్లోకి వచ్చి ఎన్నికల్లో గెలిచాడు. ఏడేళ్లప్పటి ముఖం, ఇరవై ఎనిమిదేళ్లప్పటి ముఖం, అరవై దాటిన ముఖం వెంటవెంటనే చూపిస్తారు. మీరు రెవెన్యూ శాఖలో పనిచేసినవారు, తరాల కుటుంబాలను కాగితాల మీద చూసి ఉంటారు. ఇది మీకు చాలా దగ్గరగా అనిపిస్తుంది.

లోపాలూ ఉన్నాయి. 14 మందిలో ఆడపిల్లలు నలుగురే. ఆ సంగతికి దర్శకుడే తర్వాత బాధపడ్డాడు. తమ జీవితం దేశమంతా చూడడం భరించలేక మధ్యలో తప్పుకున్నవాళ్లూ ఉన్నారు. తప్పుకోవడం వాళ్ల హక్కే. ఏడేళ్లప్పుడు వాళ్లను ఎవరూ అడగలేదు కదా. జంతువులనైతే దూరం నుంచి తీసి వచ్చేస్తాం. మనుషులను తీసినవాడు ఏడేళ్ల తర్వాత మళ్లీ అదే గుమ్మం ముందు నిలబడాలి. అందుకే ఈ పని కష్టం.

ప్రశ్న: సైన్స్ అంతా ఇప్పుడు ఐదు నిమిషాల వీడియోల్లో దొరుకుతోంది. యాభై ఏళ్ల నాటి సీరియల్ కూర్చుని చూడవలసిన అవసరం ఏముంది? (బీఎస్సీ విద్యార్థిని, వరంగల్)

సమాచారం కోసమైతే అవసరం లేదమ్మా. 1973 నాటి జీవశాస్త్రం చాలా మారిపోయింది. ఒక మనిషి నీ ఎదుట నిలబడి ఆలోచించడం చూడాలంటే మాత్రం అవసరం.

‘ది అసెంట్ ఆఫ్ మ్యాన్’లో పదకొండో భాగం చూడు. చెప్పేవాడు జేకబ్ బ్రొనోవ్‌స్కీ, పోలండ్‌లో పుట్టిన యూదు గణితవేత్త. కొలతల్లో ఎప్పుడూ కొంత తేడా ఉంటుందని, ఏ జ్ఞానమూ నూటికి నూరుపాళ్లు ఖాయం కాదని భాగమంతా చెబుతాడు. జర్మనీలోని విశ్వవిద్యాలయ పట్టణం గ్యోటింగెన్, భౌతికశాస్త్రవేత్త హైజన్‌బర్గ్, ఒక కణం ఎక్కడుందో, ఎంత వేగంగా పోతోందో రెండూ ఒకేసారి కచ్చితంగా తెలియవనే ఆయన అనిశ్చితత్వ సూత్రం అన్నీ వస్తాయి. ఆ తర్వాత కెమెరా పోలండ్‌లోని ఆష్విట్జ్ మృత్యుశిబిరానికి వెళ్తుంది. నాజీలు లక్షలాది మందిని చంపి, బూడిదను కలిపిన నీటిగుంట అక్కడుంది. ఆయన బంధువులు పలువురు ఆ శిబిరంలోనే చనిపోయారు. సూటు, బూట్లతో ఉన్న ఆ పెద్దమనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ నేరుగా నీళ్లలోకి నడుస్తాడు. వంగి, చేత్తో అడుగున ఉన్న బురద తీస్తాడు. తమకు తెలిసినదే పరమసత్యమని నమ్మినవాళ్లు చేసిన పని ఇది అని చెబుతాడు. ముందే రాసుకున్న మాటలు కావు, ఒక్కసారే తీశారు. మరుసటి ఏడాదే ఆయన మరణించాడు.

అనిశ్చితత్వ సూత్రం నీ పాఠ్యపుస్తకంలో ఒక సమీకరణం. దాన్ని మనుషుల ప్రాణాలతో ముడిపెట్టి చూపడానికి ఆయన ముప్పావు గంట తీసుకున్నాడు. ఐదు నిమిషాల వీడియోలో ఆ నీటిగుంట ఒక్కటే చూపించవచ్చు, అక్కడిదాకా నడిపించడం మాత్రం కుదరదు.

ప్రశ్న: 1975లో మా పక్క పల్లెకు ప్రభుత్వం టీవీ పెట్టింది. మేము నడిచి వెళ్లి చూసేవాళ్లం. ఆకాశం నుంచి వస్తుందనేవారు. మన దేశంలో సైన్స్ కార్యక్రమాల చరిత్ర చెబుతారా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, ప్రస్తుతం హైదరాబాద్)

మాస్టారూ, మీరు చూసింది సైట్ (ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు) అనే ప్రయోగం. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా సరిగ్గా ఏడాది నడిచింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6ను మనవాళ్లు ఏడాదికి అరువు తీసుకున్నారు. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు నేరుగా ఉపగ్రహం నుంచే కార్యక్రమాలు వచ్చాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, భాషల్లో తెలుగు ఒకటి. మీరు చూసిన గొడుగు లాంటి పెద్ద యాంటెనా కోళ్లగూళ్లకు వాడే తీగవలతో చేసినది. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం ఊరందరికీ కార్యక్రమాలు వేసేవారు. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977లో గానీ రాలేదు. అంటే రాజధానికంటే ముందు పల్లెలు టీవీ చూశాయి! ఈ సంగతి నేటి పిల్లలకు చెప్పండి మాస్టారూ, ఎంతమాత్రం నమ్మరు.

ఆ ప్రయోగంలో ముందు నిలిచిన అహ్మదాబాద్ స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌కు తొలి డైరెక్టర్ ఆచార్య యశ్‌పాల్. కాస్మిక్ కిరణాల పరిశోధకుడు. ఆయనే 1990లలో దూరదర్శన్ ‘టర్నింగ్ పాయింట్’ కార్యక్రమంలో, ప్రేక్షకుల ఉత్తరాలకు జవాబులు చెబుతూ అందరికీ ఆత్మీయుడయ్యాడు. పిల్లవాడి ప్రశ్నను చిన్నబుచ్చకుండా, తెలియనిది తెలియదని చెబుతూ జవాబిచ్చేవాడు. ఈ శీర్షిక రాయడానికి కూర్చున్న ప్రతిసారీ నాకు ఆయన గొంతే వినిపిస్తుంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మీదుగా సాగినప్పుడు ఎంతో మంది తలుపులు బిగించుకున్నారు. 1995 అక్టోబర్ 24న గ్రహణాన్ని దూరదర్శన్ ప్రత్యక్షంగా చూపిస్తుంటే, యశ్‌పాల్ వ్యాఖ్యానం వింటూ దేశం మొత్తం చూసింది.

1989లో వచ్చిన ‘భారత్ కీ ఛాప్’ కూడా గుర్తు చేయాలి. చందితా ముఖర్జీ దర్శకత్వంలో 13 భాగాలు. రాతి పనిముట్ల నాటి నుంచి మన ఉపఖండంలో సైన్సు, సాంకేతిక నైపుణ్యాలు ఎలా ఎదిగాయో చెప్పింది. కమ్మరి, కుమ్మరి, నేతగాడు కూడా జ్ఞానం ఉన్నవాళ్లేనని చూపించింది. గొప్పలు చెప్పుకోలేదు, తక్కువ చేసుకోనూ లేదు. అలాంటిది తెలుగులో ఎవరైనా తీస్తే బాగుండునని నాకు ఎన్నేళ్లుగానో కోరిక.

ప్రశ్న: ఇవన్నీ చూసి ‘అయ్యో’ అనుకోవడమే కదా. ఒక డాక్యుమెంటరీ వల్ల ఏదైనా మారిందా? (చేనేత కార్మికుడు, చీరాల)

మారింది. గుజరాత్ తీరంలో తిమింగల సొరలను కాలేయపు నూనె కోసం, మాంసం కోసం వందల సంఖ్యలో చంపేవారు. ప్రపంచంలోకెల్లా పెద్ద చేప అది. తినేది మాత్రం నీటిలో తేలే సూక్ష్మజీవులను, చిన్న చేపలను. మైక్ పాండే ఆ వేటను చిత్రీకరించి 2000లో ‘షోర్స్ ఆఫ్ సైలెన్స్’ అనే చిత్రం తీశాడు. మరుసటి ఏడాది, 2001లో, కేంద్ర ప్రభుత్వం తిమింగల సొరను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. పులికి ఉన్న రక్షణ దానికీ వచ్చింది. ఆ చట్టం మన తీరానికీ వర్తిస్తుంది. విశాఖ వైపు వలలో పడిన తిమింగల సొరలను మత్స్యకారులే తిరిగి సముద్రంలోకి వదిలిన సందర్భాలు ఉన్నాయి. వాటిని విడిపించడానికి కోసిన వలకు నష్టం ఎవరు భరించాలన్న ప్రశ్న కూడా ఉంది. ఆ భారాన్ని మత్స్యకారుడి మీద వేసి ఊరుకోకూడదు.

ప్రశ్న: తెలుగు అనువాద వ్యాఖ్యానం వింటుంటే అలసట వస్తోంది. మీకూ అలాగే అనిపిస్తుందా? (గ్రంథాలయ ఉద్యోగి, నెల్లూరు)

అనిపిస్తుంది, బాధ కూడా కలుగుతుంది. గొంతులు మంచివే. ఊపిరి తీసుకునే చోటు లేకుండా మాట్లాడిస్తున్నారు. బీబీసీ ప్రకృతి డాక్యుమెంటరీల వ్యాఖ్యాత డేవిడ్ అటెన్‌బరో దృశ్యం నడుస్తున్నప్పుడు చాలాసేపు మౌనంగా ఉంటారు, కంటికి కనిపిస్తున్నదాన్ని మళ్లీ మాటల్లో చెప్పరు. మన వ్యాఖ్యానంలో ఆ ఖాళీలన్నీ “ఇప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం” అనే మాటలతో నిండిపోతున్నాయి. చక్కని తెలుగు రాయగలవాళ్లు మనకు కొదవ లేదు. వాళ్లకు దృశ్యం ముందు కూర్చునే సమయం, తగిన పారితోషికం ఇస్తే చాలు.

ప్రశ్న: నేను ఇంటర్ బైపీసీ. వన్యప్రాణుల చిత్రాలు తీయాలని ఉంది. ఇంట్లో పెద్ద కెమెరా కొనే స్థోమత లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? (విద్యార్థి, అమలాపురం దగ్గర పల్లె)

మీ ఊళ్లోనే మొదలుపెట్టు. వానలు పడగానే గిజిగాళ్లు గూళ్లు కడతాయి. తాటిచెట్టుకో ఈతచెట్టుకో, చెరువు మీదికి వాలిన తుమ్మకొమ్మకో వేలాడే గూళ్ల గుంపును వెతుకు. కట్టేది మగపక్షి, ఆ కాలంలో తల పసుపుపచ్చగా ఉంటుంది. తాటాకు అంచునో గడ్డిపోచనో ముక్కుతో కాస్త గాటు పెట్టి, దాన్ని పట్టుకుని ఎగురుతుంది. ఆ ఎగురుడుకే సన్నని పీచు చీలి వస్తుంది. గూడు సగం అయ్యేసరికి బోర్లించిన టోపీలా ఉంటుంది. అప్పుడు ఆడపక్షులు వచ్చి పరీక్షిస్తాయి. నచ్చితే మగది పొడవైన గొట్టంలాంటి దారితో గూడు పూర్తి చేస్తుంది. నచ్చకపోతే సగంలో వదిలేసి మరోటి మొదలుపెడుతుంది. ఎంపికైన గూడు, ఎంపిక కాని గూడు రెండూ ఒకే కొమ్మకు వేలాడుతుంటాయి. కథ నీ కళ్లెదుటే ఉంది.

నీకు ఫోను చాలు. ఫోన్లలో సెకనుకు 240 చిత్రాలు తీసే సౌకర్యం ఉంటే వాడు. వాటిని సెకనుకు 24 చొప్పున చూపిస్తే కదలిక పదింతలు నెమ్మదిస్తుంది, పీచు చీలడం స్పష్టంగా కనిపిస్తుంది. దీనికి తిరగేసిన లెక్క మొక్కలకు పనికొస్తుంది. చిక్కుడు మొలక ముందు ఫోను కదలకుండా బిగించి, పది నిమిషాలకొక ఫొటో తీస్తే రోజుకు 144 వస్తాయి. సెకనుకు 24 చొప్పున నడిపితే ఆరు సెకన్లు. ఐదు రోజుల ఎదుగుదల అర నిమిషంలో చూడవచ్చు. వెలుతురు మాత్రం రాత్రీ పగలూ ఒకేలా ఉండాలి.

గూటి దగ్గర ఫ్లాష్ వెలిగించకు, కొమ్మ వంచకు, పక్షి నిన్ను చూసి అరుస్తుంటే వెనక్కి వచ్చేయి. మీకు దగ్గర్లోనే కోరింగ మడ అడవులున్నాయి, నీటిపిల్లి తిరిగే చోటు. అది అభయారణ్యం. అక్కడ చిత్రం తీయాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి, దొంగచాటుగా వెళ్లకు. ప్రతి రోజూ తేదీ, సమయం, వాతావరణం, నువ్వు ఎంత దూరంలో ఉన్నావో నోటు పుస్తకంలో రాసుకో.

పీచు చీలే దృశ్యం దొరికితే నాకు పంపు. సంగీతం కలపకు, ముక్కలు అతికించకు, తీసింది తీసినట్టు పంపు. ఆ నోటు పుస్తకం పేజీ ఫొటో కూడా జతచేయి.